ఐదుగురికి కుదరని దాల్చా

కళాశాల వార్షిక సంచికకు తెలుగు శాఖ తరఫున ఒక వ్యాసము కావలెనని విద్యార్థి సంపాదకులు మమ్ములను అడిగినారు. ప్రబంధ వర్ణనలను గూర్చియో, దక్కనీ నుండి తెలుగులోనికి వచ్చిన పదములను గూర్చియో మేము వ్రాయగలమని వారి ఊహ. దాల్చాను గూర్చి వ్రాస్తామని చెప్పగా వారు ఒకరి ముఖము ఒకరు చూసుకొని నవ్వినారు. నవ్వవలసిన పని లేదు. తెలుగు కవులు తిండిని ఏనాడును చిన్న విషయముగా ఎంచలేదు. పలనాటి జొన్నకూటిని ఆక్షేపిస్తూ శ్రీనాథుడు చెప్పినవని ప్రసిద్ధములైన చాటువులు ఉన్నవి. అల్లసాని పెద్దన ప్రవరుని ఇల్లాలిని వర్ణిస్తూ, వేయిమంది అతిథులు వచ్చినను వండుటకు ఆమె అలసిపోదని చెప్పినాడు. వేయిమందికి కాకున్నను, రెండు వందల మందికి అలసిపోక వండిన ఒక ఇల్లాలిని మేము ఎరుగుదుము. ఈ వ్యాసము ఆమె వంటను గూర్చినది.

దాల్చా ఏమిటో మన ఉర్దూ శాఖ విద్యార్థులకు చెప్పనక్కరలేదు. తక్కినవారి కొరకు చెప్తాము. శనగపప్పు, కందిపప్పు, బొక్కలతో కూడిన మేకమాంసము, ఆనిగెపుకాయ, చింతపండు కలిపి చాలాసేపు ఉడికించి, పుదీనా, కొత్తిమీర వేసి, కరివేపాకుతో పోపు పెట్టిన పులుసు వంటిది అది. పప్పు కన్న పలుచన, చారు కన్న చిక్కన. దీనికి తోడు బగారా అన్నము. ఉర్దూలో 'బఘార్' అనగా పోపు. నూనెలో లవంగము, దాల్చినచెక్క, యాలకులు, షాజీర, ఉల్లిగడ్డ వేయించి, ఆ పోపులో వండిన అన్నమే బగారా. నేడు తెలంగాణ పల్లెలలో ఏ కులము వారి పెండ్లి అయినను, ఏ పండుగ అయినను బగారా లేనిదే విందు కాదు. దాల్చా మాత్రము ఇంకను మా దావతుల గుర్తుగానే మిగిలి ఉన్నది.

మా ఊరు జైపూర్. విశ్వవిద్యాలయములో మేము ఈ పేరు చెప్పినప్పుడెల్ల రాజస్థానము నుండి వచ్చినామా అని మిత్రులు అడిగేవారు. మాది గులాబీ నగరము కాదు, నల్లబొగ్గు సీమ. మంచిర్యాల నుండి చెన్నూరు పోయే బాటలో, గోదావరికి ఉత్తరపు దరిన ఉన్నది. 2016 వరకు ఆదిలాబాదు జిల్లా, ఆపై మంచిర్యాల జిల్లా. ఒక వైపు శివ్వారము మడుగులలో మొసళ్ళు, మరొక వైపు ఇందారము, శ్రీరాంపూర్ గనులు. నది దాటినచో గోదావరిఖని, రామగుండము. 1889లో ఇల్లందు వద్ద మొదలైన బొగ్గు త్రవ్వకము గోదావరి లోయ వెంట పైకి పాకి మా ప్రాంతమునకు వచ్చినది. మా మండలములోని పెగడపల్లి వద్ద 600 మెగావాట్ల యూనిట్లు రెండింటితో సింగరేణి వారి తాప విద్యుత్ కేంద్రము 2016లో నడక మొదలుపెట్టినది. దాని పొగగొట్టములు ఇప్పుడు మా ఇంటి కప్పు మీదినుండి కనిపిస్తవి. మా చిన్నతనమున అక్కడ చేలు ఉండేవి.

బొగ్గుబావి ఉద్యోగము ఉన్న ఇంటికిని, లేని ఇంటికిని మధ్య దూరము మా సీమలో పుట్టినవారికే తెలుసును. మా అబ్బా దర్జీ. గని కార్మికుల కాలనీ పక్కన ఒక చిన్న దుకాణములో కుట్టుమిషను పెట్టుకొని ఖాకీ దుస్తులు, బడిపిల్లల నిక్కర్లు కుట్టేవాడు. తయారు దుస్తులు అంగడికి వచ్చిన కొద్దీ మిషను చప్పుడు తగ్గినది. గనికి సెలవు దినమును కార్మికులు 'ప్లే డే' అంటారు. ఆ నాడు ప్రొద్దున మాంసపు కొట్టు ముందు వరుస ఉండేది. మధ్యాహ్నమునకు కాలనీ అంతయు ఒకే వాసన. అబ్బా దుకాణము ఆ వాసన మధ్యనే ఉండేది. ఆయన సద్దిడబ్బాలో అన్నము, పచ్చిపులుసు ఉండేవి. మా ఇంట మాంసము బక్రీదుకు, ఎవరైన దావతుకు పిలిచిననాడు మాత్రమే.

2000 సంవత్సరమున మేము ఆరవ తరగతికి ఒక ప్రభుత్వ ఆశ్రమ పాఠశాలలో చేరినాము. తెలుగు సీమలో ప్రభుత్వ గురుకులములకు 1971లో పి.వి. నరసింహారావు గారి కాలమున నల్లగొండ జిల్లా సర్వేలులో నాంది పలికినారు. చదువు కొరకు పంపుతున్నామని అమ్మీ పదిమందితో చెప్పినది. ఇంటిలో ఒక కంచము తగ్గుననునది కూడ అందులో ఉన్నదని మాకు పదకొండేండ్లకే తెలుసును. అది తెలిసిన పిల్లవాడు అన్నము ముందు కూర్చున్నప్పుడు తక్కిన పిల్లల వలె కూర్చొనడు.

ఆ పాఠశాలలో నెలకు రెండు శుక్రవారములు రాత్రి భోజనము బగారా, దాల్చా. వండే ఆమెను మేము ఖాలా అనేవారము. తెలుగు పిల్లలు పెద్దమ్మా అని పిలిచేవారు. ఆమె రెండింటికిని పలికేది. మాతో దక్కనీలో, వారితో మంచిర్యాల తెలుగులో మాటలాడేది. ఎవరు ఏ భాషలో ఆకలి అన్నను ఆమె జవాబు ఒకటే, ఇంకా ఉడకలేదు పొమ్మని. శుక్రవారము మధ్యాహ్నము నమాజు వేళకే పొయ్యి రాజుకొనేది. మూడు బండరాళ్ళ నడుమ కట్టెలు, పైన మనిషి కూర్చొనగలిగినంత డేగు. సాయంకాలపు ఆటల వేళకు పుదీనా వాసన మైదానము దాకా వచ్చేది. అటుపై బంతిని తన్నినవాడు లేడు.

వడ్డన ఖాలాయే స్వయముగా చేసేది. గరిటె లోతుగా ముంచి, అడుగు నుండి పైకి తీసి, ఒక్కొక్క పళ్ళెములో ఒక్కొక్క గరిటె. ప్రతి పళ్ళెములో రెండు ముక్కలు. ఒకటి మాంసముతో, ఒకటి బొక్కతో. పెద్ద తరగతి వాడని మూడు లేవు, చిన్నవాడని ఒకటి లేదు. మూలుగ బొక్క వచ్చినవాడు ఆ రాత్రికి రాజు. దానిని పళ్ళెము మీద కొట్టి మూలుగ రాల్చే చప్పుడు భోజనశాల నలుమూలల నుండి వినబడేది. ముక్కలు రెండే కాని, దాల్చాకు రెండవ గరిటె అడిగినచో కాదనేది కాదు. ఆ రెండవ గరిటెలో మాంసము ఉండదు, మాంసము రుచి ఉంటుంది.

సెలవులకు ఇంటికి పోయినప్పుడు మా చెల్లెలు అడిగే మొదటి ప్రశ్న దాల్చాను గూర్చియే. ఆమె మాకన్న ఐదేండ్లు చిన్న. ఎన్ని ముక్కలు, ఎంత పులుపు, ఆనిగెపుకాయ మెత్తగా ఉండునా, పలుకుగా ఉండునా అని ఆరా తీసేది. మేము చెప్పేవారము. అమ్మీ వినీ విననట్లు బియ్యములో రాళ్ళు ఏరేది. చెల్లెలు కూడ పెద్దదైన పిమ్మట ఆశ్రమ పాఠశాలకు పోతానని అనేది. అందుబాటులో బాలికలకు అటువంటిది లేదు. ఉన్నను ఆడపిల్లను పంపుటకు ఇంటివారు ఒప్పుకొనేవారా అన్నది వేరు మాట. 2003లో ఆమె మూడవ తరగతి చదువుతుండగా ఊరి బడిలో మధ్యాహ్న భోజనము మొదలైనది. ఆ వేసవిలో మేము ఇంటికి రాగానే ఆమె గర్వముగా చెప్పినది: "భయ్యా, మా బడిలో కూడ అన్నము పెడుతున్నారు." ఒక క్షణము ఆగి, "దాల్చా లేదు, పప్పే," అన్నది.

ఆ బడి అన్నము ఊరికే రాలేదు. 1995 ఆగస్టు 15న దేశమంతట ప్రాథమిక పాఠశాలల పిల్లలకు ఆహారపు పథకము మొదలైనను, చాలా రాష్ట్రములలో వండిన అన్నమునకు బదులు నెలకు మూడు కిలోల ధాన్యము ఇంటికి ఇచ్చేవారు. ఇంటికి పోయిన బియ్యము పిల్లవానిదిగా మిగలదు, అది ఇంటిల్లిపాదిది అవుతుంది. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు వండిన భోజనమే పెట్టవలెనని ఆజ్ఞాపించినది. 2003 జనవరి నుండి ఆంధ్రప్రదేశములో అది అమలైనది. తమిళ సీమలో కామరాజు గారు 1950లలోనే ఈ పని చేసి చూపినారు. మా అమ్మీ తరము వారిని అడిగినచో, వారి బడిలో 'కేర్' సంస్థ వారి అమెరికా నూకతో చేసిన ఉప్మాను, పాలపొడి పాలను జ్ఞాపకము చేసికొంటారు. ఆ ఉప్మా రుచి మరల దొరకలేదని అమ్మీ ఇప్పటికిని అంటుంది. ప్రతి తరమునకు ఒక బడి వంట ఉంటుంది కాబోలు.

ఇది మన దేశపు వింత కాదు. ఇంగ్లాండులో 1906లో బడిపిల్లలకు భోజనము పెట్టుటకు స్థానిక సంస్థలకు అధికారమిచ్చే చట్టము వచ్చినది. 1944 విద్యా చట్టము దానిని వారి బాధ్యతగా చేసినది. ఆనాడు అక్కడ మాంసము రేషను మీద దొరికేది. 1940లో మొదలైన ఆ రేషను 1954 జూలైలో గాని తొలగలేదు. కొద్ది మాంసము, ఎక్కువ మంది పిల్లలు. వంటవారు మాంసమును కైమా కొట్టి, దుంపలు, గ్రేవీ చేర్చి, పైన పిండి రొట్టె కప్పి పెద్ద తట్టలలో కాల్చి, చతురముగా కోసి వడ్డించేవారు. అదే వారి మాంసపు 'పై'. ఆ బడులలో చదివి ముసలివారైన వారు ఇంటి పొయ్యి మీద దానిని మరల చేసికొనుటకు ప్రయాసపడుట మేము చదివినాము. పిండిలో కైమాను మూసే విద్య మనకును కలదు. హైదరాబాదు దావతులలోని లుఖ్మీ అటువంటిదే. ముద్ద అను అర్థము గల 'లుఖ్మా' నుండి దానికి ఆ పేరు. కాని లుఖ్మీ దొరల పళ్ళెమునకు ముందుమాట, పేదల కడుపునకు భోజనము కాదు. ఆ 'పై'కి సరియైన జోడు మన సీమలో దాల్చాయే. వారు పిండితో చేసిన పనిని మనవారు పప్పుతో చేసినారు. రెండింటి లెక్క ఒకటే, ఉన్న మాంసము అందరికి అందవలెను.

చదువు ముగించి, కాకతీయ విశ్వవిద్యాలయములో ఎం.ఏ. పట్టా పుచ్చుకొని, ఉద్యోగములో స్థిరపడిన పిమ్మట మాంసము మా ఇంట వారము వారము వండుతున్నారు. చెల్లెలు ఇంటర్మీడియటుతో చదువు ఆపి, అబ్బా మిషను మీద కూర్చున్నది. ఆ మిషను సంపాదనలో కొంత మా ఎం.ఏ. ఫీజులోనికి వచ్చినదని ఇక్కడ వ్రాయుట న్యాయము. ఆమెకు పెండ్లి అయినది, ఒక కూతురు పుట్టినది. ఒక రంజాను నెలలో పుట్టింటికి వచ్చినప్పుడు ఇఫ్తారు పిమ్మట ఆమె మమ్ములను అడిగినది: "భయ్యా, మీ బడి దాల్చా ఒక్కసారి చేసి పెట్టండి. ఇరవై ఏండ్లుగా వింటున్నాను, తినలేదు." ఇంటిలో మేము తప్ప దానిని తిన్నవారు లేరు. కనుక చేయవలసినవారము మేమే.

మొదటిసారి ఆరుగురికి కిలో మాంసము, పావుకిలో పప్పు, ఒక ఆనిగెపుకాయతో చేసినాము. అందరు మెచ్చుకొన్నారు. అది చక్కని కూరయే కాని దాల్చా కాదు. మాంసము పప్పును లోబరచుకొన్నది. ఆశ్రమ పాఠశాలలో పప్పు మాంసమును తనలో కలుపుకొనేది. రెండవసారి మాంసము మూడవ వంతుకు తగ్గించి, ప్రెషర్ కుక్కరులో వండినాము. అరగంటలో పని అయినది. పప్పు వెన్న వలె కరిగినది, శనగపప్పు కూడ పలుకు లేకుండ కరిగినది. ఖాలా దాల్చాలో శనగబద్ద పంటికి తగిలి, ఆపై నలిగేది. మూడవసారి కుక్కరు మాని, మామూలు గిన్నెలో గ్యాసు పొయ్యి మీద మూడు గంటలు ఉడికించినాము. నీరు ఇగిరిపోయి మూడుసార్లు మరల పోయవలసి వచ్చినది. రుచి దగ్గరకు వచ్చినది, ఇల్లు చేరలేదు. చెల్లెలు తిని, "బాగున్నది. మీరు చెప్పినది ఇది కాదు కదా," అన్నది. తినని వంటను ఆమె ఎట్లు గుర్తించగలదని మా బావగారు నవ్వినారు. ఆమె మా మాటలు గుర్తుంచుకొన్నది, మా ముఖము కూడ చూస్తున్నది.

అప్పుడు మేము ఖాలాను వెదకుటకు బయలుదేరినాము. ఆమె పని మానివేసి, గోదావరి అవతల ఒక బస్తీలో కొడుకు ఇంట ఉంటున్నదని తెలిసినది. వంతెన దాటి, బొగ్గు లారీల వెనుక నిదానముగా పోయి, ఇల్లు పట్టుకొన్నాము. మోకాళ్ళు పట్టినవి, చూపు మందగించినది, గొంతు మాత్రము ఆనాటిదే. మా పేరు ఆమెకు గుర్తు లేదు. ఏ సంవత్సరపు పిల్లవాడవని కూడ అడగలేదు. "రెండో గరిటె అడిగేటోనివా, అడగనోనివా?" అని అడిగినది. అడిగేవాడినని చెప్పగా కూర్చోమన్నది.

ఐదారుగురికి దాల్చా కొలత చెప్పమన్నాము. ఆమె చాలాసేపు ఆలోచించినది. "పాంచ్ జనాకా హిసాబ్ మేరెకు నై ఆతా బేటా," అన్నది. ఐదుగురి లెక్క తనకు రాదని. తన జన్మలో యాభై మందికి తక్కువ దాల్చా వండలేదట. ఇంటిలో తాను వండినది ఉత్త పప్పే, మాంసము కొనే స్థితి ఎన్నడును లేదు. ఆ మాట ఆమె దుఃఖముతో అనలేదు, లెక్క చెప్పినట్లు చెప్పినది. రెండు వందల మందికి మాత్రము తడుముకొనకుండ చెప్పినది. పది కిలోల మాంసము బొక్కలతో, పదకొండు కిలోల పప్పు, అందులో శనగపప్పు కొంచెము ఎక్కువ, ఇరవై కిలోల ఆనిగెపుకాయ. అనగా పిల్లవానికి యాభై గ్రాముల మాంసము, యాభైయైదు గ్రాముల పప్పు. మధ్యాహ్న భోజన పథకములో కేంద్రము వారి కొలత ప్రాథమిక తరగతుల పిల్లవానికి ఇరవై గ్రాముల పప్పు, ఆపై తరగతులకు ముప్పది అని తెలిసినవారికి ఈ పప్పు లెక్క విలువ తెలుస్తుంది. మాంసము చాలదని ఆమెకు తెలుసును, కనుక పప్పును పెంచినది.

కొలతల కన్న విలువైనవి ఆమె చెప్పిన క్రమములు. బొక్కలు ముందుగా ఒంటరిగా ఉడకవలెను, అల్లము వెల్లుల్లి, పసుపు, ఉప్పుతో మాత్రమే. కందిపప్పు విడిగా ఉడికించి మెదపవలెను. శనగపప్పును మాంసపు నీళ్ళలో వేయవలెను. పప్పు మెత్తబడిన తరువాతనే చింతపండు రసము పోయవలెను, ముందు పోసినచో పప్పు మొండికేస్తుంది. ఆనిగెపుకాయ చివరగా. పిమ్మట కట్టెలు లాగివేసి, నిప్పుల మీద గంటసేపు కదలించక విడువవలెను.

ఇంటికి వచ్చి మా కళాశాల రసాయన శాస్త్ర ఉపన్యాసకునితో ఈ క్రమమును చర్చించినాము. అక్షరము రాని ఖాలా చెప్పినదానిలో ఒక్క మాట కూడ ఊరక చెప్పినది కాదని ఆయన తేల్చినారు. బొక్కలను, కీళ్ళను పట్టి ఉంచే కొల్లాజెను అను పదార్థము గంటల తరబడి వేడినీటిలో ఉండి జెలటినుగా కరుగుతుంది. పెదవులకు అంటే ఆ జిగురు అదియే. కొద్ది మాంసము ఎక్కువ పులుసునకు రుచిని ఇచ్చుట అందువలననే. చింతపండులోని ఆమ్లము గింజల గోడలు మెత్తబడుటను ఆపుతుంది. అందుకే అది వెనుక రావలెను. ఇక మూడవది డేగు. గిన్నె పెద్దదైన కొద్దీ దానిలోని పదార్థముతో పోల్చినప్పుడు పైతలము తక్కువ అవుతుంది. కనుక నీరు తక్కువగా ఇగురుతుంది, వేడి చాలాసేపు నిలుస్తుంది. నిప్పు తీసివేసిన తరువాత కూడ డేగు తన వేడితో తాను ఉడుకుతుంది. మా ఇంటి గిన్నె పది నిమిషములలో చల్లారేది. ఐదుగురి లెక్క రాదన్న ఖాలా మాట నిజమే, ఐదుగురి గిన్నెలో అది కాదు.

చెల్లెలి కూతురికి నాలుగేండ్ల నాలుగు నెలల నాలుగు దినములు నిండినవి. మాలో ఆ నాడు బిడ్డకు 'బిస్మిల్లా' చేస్తారు. తెలుగు ఇండ్లలో అక్షరాభ్యాసము వంటిది. అరువది మందిని పిలువవలెనని వారి ఆలోచన, బిర్యానీ పెట్టించవలెనని బావగారి ఉబలాటము. చెల్లెలు దాల్చా అన్నది. మరి మాట లేదు. మేము మంచిర్యాల నుండి డేగు కిరాయికి తెచ్చి, పెరటిలో మూడు రాళ్ళు పేర్చినాము. ఖాలాను కొడుకు ఆటోలో తీసికొని వచ్చినాడు. పొయ్యికి ఎదురుగా కుర్చీ వేసి కూర్చుండబెట్టినాము. ఆమె గరిటె పట్టలేదు, రుచి చూడలేదు. చూపు సరిగా లేదు కనుక చెవి పెట్టి విన్నది. ఉడుకు చప్పుడు మారినప్పుడెల్ల, కట్టె లాగుమనో, త్రోయుమనో చెప్పినది. చింతపండు పోయవచ్చునా అని మేము రెండుసార్లు అడిగినాము. మూడవసారి ఆమెయే చెప్పినది.

లోపల గదిలో పిల్ల పలక మీద అలిఫ్ వ్రాయించినారు. దాని పక్కన మేము 'అ' వ్రాయించినాము. మా చేయి కింద ఆ చిన్న చేయి సున్నిపిండి వలె మెత్తగా ఉన్నది. రెండును వంకరగా వచ్చినవి. అందరు చప్పట్లు కొట్టినారు.

పిమ్మట వడ్డన. పంక్తిలో చుట్టములు ఉన్నారు, అబ్బాతో పాటు దుకాణముల వరుసలో కూర్చునేవారు ఉన్నారు, గని నుండి విశ్రాంతి తీసికొన్న పాత గిరాకులు ఉన్నారు. శాకాహారులకు మాంసము వేయక ముందే పప్పు విడిగా తీసి ఉంచినాము. ఖాలా కుర్చీని డేగు పక్కకు జరిపించుకొన్నది. గరిటె మా చేతిలో, మాట ఆమె నోట. అడుగు నుండి తీయుము, ఒకరికి రెండే. మా అబ్బాకు మూడవ ముక్క వేయబోగా ఆమె కర్రతో గరిటెను ఆపినది. అబ్బా నవ్వి పళ్ళెము వెనుకకు తీసికొన్నాడు. ఒకనాడు మాంసపు వాసన నడుమ పచ్చిపులుసు తిన్న మనిషి ఆ నాడు వరుసలో కూర్చొని అందరితో సమముగా రెండు ముక్కలు తిన్నాడు.

అది ఆ దాల్చాయే. మేము మొదటి ముద్దలోనే గుర్తించినాము. చెల్లెలు మాత్రము ఏమియు అనకుండ పళ్ళెము ఖాళీ చేసి, రెండవ గరిటెకు పట్టినది. అప్పుడు అన్నది: "భయ్యా, నేను ఇన్నేండ్లు మాంసము కొరకు ఏడ్చినాననుకొన్నాను. ఇందులో అంతయు పప్పే కదా!" అని నవ్వినది. నవ్వుతూనే కూతురి పలక ఎక్కడ పెట్టినారని అడిగి లేచిపోయినది.

ఆమె చిన్ననాడు అడిగిన ప్రశ్నలు మాంసమును గూర్చినవి కావని మాకు ఆ పెరటిలో తోచినది. ఆమె అడిగినది బడిని. రెండు వందల మంది ఒక్క వరుసలో కూర్చొను చోటును, పేరు అడగక వడ్డించే గరిటెను, పుస్తకము మూసి అన్నము గంట కొరకు ఎదురుచూసే సాయంకాలమును ఆమె అడిగినది. మేము ఆమెకు ముక్కల లెక్క చెప్పినాము.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరము. పేదరికమును రుచిగా చెప్పుట మన రచయితలకు అలవాటు. యాభై గ్రాముల మాంసము ఎదిగే పిల్లవానికి చాలినది కాదు, నెలకు రెండుసార్లు అన్నది అంతకన్న చాలదు. ఖాలా నేర్పు ఆ లోటును కప్పినది, పూడ్చలేదు. తెలంగాణలో 2015 జనవరి నుండి వసతి గృహములకు, బడులకు సన్నబియ్యము ఇచ్చుట మంచిది. 2016 నుండి తెరచిన మైనారిటీ గురుకులములు 204 అయినవి, వానిలో దాదాపు సగము బాలికలవి కావుట ఇంకను మంచిది. మా మేనకోడలు ఐదవ తరగతికి వచ్చునాటికి ఆమె తల్లికి లేని దారి ఆమెకు ఉన్నది. ఆ పిల్లల పళ్ళెములో మూడవ ముక్క పడినచో దాల్చా రుచి చెడినను మాకు సమ్మతమే.

విద్యార్థులారా, యాభై మందికి కొలత వ్రాస్తున్నాము, అంతకు తక్కువ అడగవద్దు. మాంసము బొక్కలతో రెండున్నర కిలోలు, శనగపప్పు కిలోన్నర, కందిపప్పు కిలోంబావు, ఆనిగెపుకాయ ఐదు కిలోలు, ఉల్లిగడ్డ కిలోన్నర, చింతపండు నాలుగు వందల గ్రాములు. కారము, ఉప్పు, ఆకులు మీ ఊరి అలవాటు ప్రకారము. బగారాకు ఆరు కిలోల బియ్యము. క్రమము పైన చెప్పినదే. హాస్టళ్ళలో ఉండి మన కళాశాలకు వచ్చే పిల్లలను ఒకటి కోరుతున్నాము. ఈ ఆదివారము వంటశాలలోనికి పోయి, మీకు వండి పెట్టే వారిని ఒక వంట కొలత అడిగి వ్రాసికొని రండి. వారు చెప్పిన మాటలలోనే వ్రాయండి, దిద్దవద్దు. వచ్చే సంవత్సరపు సంచికలో తెలుగు శాఖ పుటలు వానికి ఇస్తాము.